స్వయంచోదిత నాడీవ్యవస్థ రుగ్మతలు: మాజీ సైనికులు

గుండె వేగం, రక్తపోటు, చెమట, జీర్ణక్రియ, మూత్రాశయం, కంటిపాప, ఒంటి వేడి. మనిషి పనిగట్టుకొని నడపకపోయినా నడిచే ఈ పనులన్నిటినీ చూసుకునే నరాల అల్లికే స్వయంచోదిత నాడీవ్యవస్థ. ఇది దెబ్బతిన్నప్పుడో, అదుపు తప్పినప్పుడో వచ్చే బాధలన్నిటినీ కలిపి స్వయంచోదిత నాడీ రుగ్మతలంటారు. ఇది ఒక జబ్బు పేరు కాదు. మధుమేహం, వెన్నెముక గాయం, విషప్రభావం, తీరని మానసిక ఆఘాతం వంటి ఎన్నో జబ్బుల వెన్నంటి వచ్చే స్థితి.

ఈ రుగ్మతల గురించిన తొలి పరిశీలనల్లో కొన్ని సైనికుల మీద జరిగినవే. దీర్ఘకాలిక అనారోగ్యంతో ఉన్న మాజీ సైనికులను విడిగా చూడడానికి అదొక కారణం. ఎత్తైన మంచు కొండలు, గాయాలు, నిద్రలేని కాపలాలు, రసాయనాలు వంటివి వారి ఉద్యోగంలోనే ఉండడం రెండో కారణం. ఉద్యోగం తర్వాత వారు బతికే చోటు కూడా రోగాన్ని మారుస్తుంది. కర్నూలు, కడప వంటి ఎండ ప్రాంతాల్లో ఇది స్పష్టంగా తెలుస్తుంది.

వాడుక పేర్లు

రాయలసీమ పల్లెల్లో ఈ బాధలకు ఒకే పేరు లేదు. ‘లేస్తే కండ్లకు చీకట్లు కమ్ముతాండాయి’, ‘తలకాయ తిరుగుతాంది’, ‘గుండె దడదడ కొట్టుకుంటాంది’, ‘తిన్నది అరగదు’ అని రోగి చెప్పే నాలుగు మాటలు నాలుగు వేర్వేరు జబ్బుల్లా వినిపిస్తాయి. మొదటిదానికి రక్తం తక్కువని టానిక్కు, రెండోదానికి చెవి డాక్టరు, మూడోదానికి ఈసీజీ, నాలుగోదానికి గ్యాస్ మాత్ర. నాలుగూ ఒకే వ్యవస్థ లోపం కావచ్చన్న ఆలోచన రావడానికి ఏళ్లు పడుతుంది.

‘నరాల బలహీనత’ అన్న మాట ఉంది గానీ అది పనికిరాకుండా పోయింది. గోడల మీది ప్రకటనల పుణ్యాన తెలుగునాట ఆ మాటకు లైంగిక బలహీనత అనే అర్థం స్థిరపడింది. పటాలంలో ఇరవై ఏళ్లు చేసిన మనిషి ఆ మాట నోట పలకడానికి ఇష్టపడడు. నిజానికి అంగస్తంభన లోపం స్వయంచోదిత నరాలు దెబ్బతిన్నాయనడానికి తొలి సూచనల్లో ఒకటి. సిగ్గు వల్ల డాక్టరుకు చేరని లక్షణాల్లో కూడా అదే మొదటిది.

వ్యవస్థ నిర్మాణం, పనితీరు (చూ. వేగస్ నాడి, రక్తపోటు)

కేంబ్రిడ్జి శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ 1898లో ఈ వ్యవస్థకు నేటి ఇంగ్లీషు పేరు పెట్టాడు. దీనికి మూడు విభాగాలున్నాయి. సహానుభూత విభాగం ఒంటిని ఉద్యుక్తం చేస్తుంది: గుండె వేగం పెంచుతుంది, రక్తనాళాలను బిగిస్తుంది, చెమట పట్టిస్తుంది. పరసహానుభూత విభాగం తీరిక వేళల పని చూసుకుంటుంది: గుండెను నెమ్మదింపజేస్తుంది, లాలాజలం ఊరిస్తుంది, పేగులను కదిలిస్తుంది. ఇందులో ప్రధానమైనది మెదడు కాండం నుంచి పొట్ట దాకా సాగే వేగస్ నాడి. పేగు గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలతో ఉండే ఆంత్ర నాడీవ్యవస్థ మూడోది.

ఈ యంత్రాంగం ఎంత చురుగ్గా పనిచేయాలో మంచం మీంచి లేచే మనిషిని చూస్తే తెలుస్తుంది. నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి జారుతుంది. మెడ ధమనిలోనూ బృహద్ధమని వంపులోనూ ఉన్న పీడన గ్రాహకాలు దాన్ని పసిగట్టి మెదడు కాండానికి కబురు పంపుతాయి. క్షణాల్లో రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కాస్త వేగం అందుకుంటుంది. ఆరోగ్యవంతుడికి ఇదంతా జరిగినట్టే తెలియదు. ఈ గొలుసులో ఒక లంకె తెగితే కళ్లు బైర్లు కమ్ముతాయి.

నరాల కొసల నుంచి అవయవాలకు కబురు మోసేది రసాయనం. శాస్త్రవేత్త ఒట్టో లోవి 1921లో రెండు కప్ప గుండెలతో దీన్ని నిరూపించాడు. ఒక గుండెకు చెందిన వేగస్ నాడిని ప్రేరేపించి, అది మునిగి ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు అందించాడు. రెండోదీ నెమ్మదించింది. ప్రయోగం ఆలోచన తనకు కలలో వచ్చిందని లోవి చెప్పుకున్నాడు. ఆ ద్రవంలోని పదార్థం ఎసిటైల్‌కోలిన్. 1936లో ఆయనకు, హెన్రీ డేల్‌కు నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. పని ముగిసిన ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టేందుకు ఒంట్లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది. యుద్ధ విషవాయువులు, పత్తి చేల పురుగుమందులు రెండూ దెబ్బతీసేది ఈ ఎంజైమునే.

చరిత్ర: ‘సైనికుడి గుండె’ నుంచి

అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఫిలడెల్ఫియాలోని టర్నర్స్ లేన్ సైనిక ఆసుపత్రికి విచిత్రమైన రోగులు వచ్చేవారు. గుండెకు గాయం లేదు, కవాటాల్లో లోపం వినిపించదు. అయినా నాలుగడుగులు వేస్తే గుండెదడ, ఛాతీనొప్పి, ఆయాసం, తలతిరుగుడు. అక్కడి వైద్యుడు జేకబ్ మెండెజ్ డా కోస్టా ఇలాంటి 300కు పైగా సైనికులను గమనించి 1871లో వ్యాసం రాశాడు. ఆ స్థితికి ‘చిరాకు గుండె’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. చాలామందికి అది తీవ్రమైన జ్వరమో విరేచనాలో తగ్గిన తర్వాత, విశ్రాంతి లేకుండా మళ్లీ కవాతుకు పంపినప్పుడు మొదలైందని ఆయన గుర్తించాడు.

అదే ఆసుపత్రిలో సైలస్ వీర్ మిచెల్ తుపాకీ గుళ్లకు నరాలు తెగిన వారిని చూశాడు. గాయం మానినా చేయి నిప్పుల్లో పెట్టినట్టు మండేది. చర్మం ఎర్రబడి నున్నగా మెరిసేది. ఆ మంటకు ఆయన ‘కాసాల్జియా’ అని పేరు పెట్టాడు. నొప్పితో పాటు రక్తప్రసారం, చెమట కూడా మారిపోయే ఈ స్థితిని నేడు సంక్లిష్ట ప్రాంతీయ నొప్పి రుగ్మతగా పిలుస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో డా కోస్టా వర్ణించిన రోగులే వేల సంఖ్యలో బ్రిటిష్ ఆసుపత్రులకు వచ్చారు. సర్ థామస్ లూయిస్ వారిని పరిశీలించి ‘శ్రమ రుగ్మత’ అన్నాడు. 1918లో వచ్చిన ఆయన పుస్తకం శీర్షికలో ‘సైనికుడి గుండె’ అనే పాత పేరూ ఉంది. అప్పటిదాకా ఇలాంటి వారిని నెలల తరబడి మంచాన పడుకోబెట్టేవారు. లూయిస్ కొద్దికొద్దిగా పెంచుతూ వ్యాయామం చేయించాడు. నేటి వైద్యం కూడా చాలావరకు ఆ దారిలోనే నడుస్తోంది.

అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో భయం, కోపం, ఆకలి, నొప్పి శరీరంలో తెచ్చే మార్పులను ‘పోరాటమా, పలాయనమా’ అన్న సూత్రంతో వివరించాడు. దానితో సైనికుడి గుండెదడకు ఒక శరీరధర్మ వివరణ దొరికింది. అయితే అది పిరికితనమేనన్న అనుమానం మాత్రం సైనిక వైద్యంలో మరికొన్ని దశాబ్దాలు కొనసాగింది.

గల్ఫ్ యుద్ధ రుగ్మత (చూ. సేంద్రియ ఫాస్ఫరస్ విషాలు)

కువైట్ అన్న మాట కడప ప్రాంతానికి కొత్త కాదు. రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో కువైట్‌తో ముడిపడని వీధి అరుదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో చొరబడినప్పుడు లక్షా డెబ్బై వేల మంది భారతీయులను ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. అందులో అధికభాగం జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో వచ్చారు. ఆ తర్వాత జరిగిన యుద్ధంలో భారత సైన్యం పాల్గొనలేదు. కాబట్టి గల్ఫ్ యుద్ధ రుగ్మత భారత మాజీ సైనికుల జబ్బు కాదు. అయినా దీర్ఘరోగులైన మాజీ సైనికుల స్వయంచోదిత నరాలపై సవివరమైన పరిశోధన దీని మీద జరిగింది.

ఆ యుద్ధానికి అమెరికా పంపిన దాదాపు 7 లక్షల మందిలో కనీసం నాలుగో వంతు మంది తిరిగి వచ్చాక తగ్గని అలసట, ఒళ్లునొప్పులు, మతిమరుపు, విరేచనాలు, నిద్రలేమి, తలతిరుగుడులతో బాధపడ్డారని 2008లో అమెరికా ప్రభుత్వ సలహా సంఘం నివేదించింది. మొదట్లో దీన్ని మానసిక ఒత్తిడిగా కొట్టిపారేశారు. సలహా సంఘం మాత్రం ఒత్తిడి కారణమనడానికి ఆధారాలు లేవని చెప్పి, రెండు రసాయనాల వైపు వేలు చూపింది. ఒకటి పురుగుమందులు. రెండోది పైరిడోస్టిగ్మిన్ మాత్రలు. నాడీవాయువు దాడి జరిగితే రక్షణగా ఉంటాయని సైనికులకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి ఇచ్చిన ఈ మాత్రలను సుమారు రెండున్నర లక్షల మంది వాడారు. వీటికి తోడు 1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమీసియా ఆయుధాగారాన్ని అమెరికా సేనలే పేల్చివేశాయి. అక్కడి రాకెట్లలో సారిన్ ఉందని పెంటగాన్ 1996లో ఒప్పుకుంది.

సారిన్, పైరిడోస్టిగ్మిన్, ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు మూడూ పనిచేసేది ఎసిటైల్‌కోలినెస్టరేజ్ మీదే. టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్యుడు రాబర్ట్ హేలీ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం ఆ నరాల దారినే పరిశీలించింది. రోగుల పాదాల్లో చెమట నరాలు మందగించాయి. రాత్రి నిద్రలో వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె లయలో కనిపించాల్సిన మార్పు వారిలో సరిగా కనిపించలేదు. ఒళ్లు పడుకున్నా వ్యవస్థ పడుకోలేదన్నమాట. పొద్దున లేచేసరికే అలసట ఎందుకన్న ప్రశ్నకు అది కొంత జవాబు. సారిన్‌ను విరగ్గొట్టే ఎంజైము జన్యుపరంగా బలహీనంగా ఉన్నవారికి ముప్పు ఎక్కువని ఇదే బృందం 2022లో చూపింది.

సారిన్ పుట్టింది కూడా పురుగుమందుల ప్రయోగశాలలోనే. జర్మన్ రసాయనవేత్త గెర్హార్డ్ ష్రేడర్ 1936లో టాబున్‌ను, 1938లో సారిన్‌ను కనుగొన్నది మెరుగైన క్రిమిసంహారిణి కోసం వెతుకుతూ.

పటాలం నుంచి పత్తి చేలోకి

కర్నూలు, కడప మాజీ సైనికుడి కథ ఇక్కడే ఆ రసాయన కథతో కలుస్తుంది. 2022కు ముందు సిపాయిగా చేరినవాడు సాధారణంగా నలభైకి అటూ ఇటూగానే విరమణ పొందుతాడు. బ్యాంకు దగ్గరో ఏటీఎం దగ్గరో కాపలా ఉద్యోగం, లేదంటే సొంత సేద్యం. ఆదోని చుట్టూ పత్తి, నల్లరేగడిలో శనగ, కె.సి. కెనాల్ కింద వరి. పత్తికి, మిరపకు మందు కొట్టే రోజుల్లో చొక్కా విప్పి, ముఖానికి తువ్వాలు చుట్టి, వీపున పంపు మోస్తూ గాలికెదురుగా నడిచేవారు నేటికీ కనిపిస్తారు. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు ఊపిరితోనే కాదు, చర్మం గుండానూ ఒంట్లోకి చేరతాయి. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కేంద్రం 2005లో నిషేధించింది.

మోతాదు ఎక్కువైతే నోట నురగ, కంటిపాప సూదిమొనంత కావడం, ముచ్చెమటలు, విరేచనాలు, గుండె నెమ్మదించడం వంటి ఎసిటైల్‌కోలిన్ లక్షణాలన్నీ ఒక్కసారిగా విజృంభిస్తాయి. దీనికి విరుగుడు అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్. రాయలసీమ పెద్దాసుపత్రుల అత్యవసర విభాగాల్లో ఈ చికిత్స తెలియని నర్సు ఉండదు. కానీ ప్రాణం నిలిచాక వారాల తర్వాత మిగిలే గుండెదడ, నీరసం, నిద్రలేమి గురించి అడిగేవారు తక్కువ. ఎన్నేళ్లు మందు కొట్టారు, ఏ మందు, చేతులకు తొడుగులుండేవా అన్న ప్రశ్నలు రోగి చరిత్రలో చోటు చేసుకోవాలి.

పురుగుమందుల తర్వాత రెండో ముప్పు ఎండ. మే నెలలో కర్నూలు, నంద్యాల, కడపల్లో 42 నుంచి 44 డిగ్రీలు మామూలే. చెమట నరాలు చచ్చుబడినవాడి పాదాలు, కాళ్లు పొడిగా ఉంటాయి. దానికి బదులు ముఖం, ఛాతీ చెమటతో తడిసిపోతాయి. ఒంటి వేడి దించుకునే దారి మూసుకుపోయిన ఈ మనిషికి వడదెబ్బ త్వరగా తగులుతుంది. చెమటతో నీరు, ఉప్పు పోయినవాడికి రక్తపోటు ఇంకా పడిపోతుంది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల సగటు వార్షిక వర్షపాతం 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వేసవిలో తాగునీటికే కటకట పడే ఊళ్లున్నాయి. ‘రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగండి’ అన్న సలహా అక్కడ అంత తేలిక కాదు.

ఈ ప్రాంతంలో సైన్యంలో చేరే అలవాటు అన్నిచోట్లా ఒకేలా లేదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనే ఉన్న కంభం, గిద్దలూరు ప్రాంతాలు దానికి పేరుపొందాయి. వానలు నమ్మలేని చోట జీతం నమ్మదగిన ఉద్యోగం సైన్యం.

ప్రధాన కారణాలు, రకాలు

మధుమేహం. మాజీ సైనికుల్లోనే కాదు, దేశంలో ఎవరిలోనైనా స్వయంచోదిత నరాలను దెబ్బతీసే కారణాల్లో ఇది మొదటిది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. రోజూ మైళ్లు పరుగెత్తిన ఒళ్లు కుర్చీ ఉద్యోగంలోకి మారి, తిండి మాత్రం పటాలం లెక్కలోనే సాగితే బరువు పెరగడానికి ఎక్కువ కాలం పట్టదు. చక్కెర అదుపు తప్పిన ఏళ్లు గడిచేకొద్దీ మొదట పొడవైన నరాలు దెబ్బతింటాయి. వేగస్ నాడి అలాంటిదే. విశ్రాంతిలోనూ గుండె నిమిషానికి వంద సార్లు కొట్టుకోవడం, పొట్ట ఖాళీ కాక నాలుగు ముద్దలకే నిండినట్టుండడం, మూత్రం నిలిచిపోవడం దీని లక్షణాలు. అన్నిటికన్నా ప్రమాదకరమైనవి రెండు. చక్కెర పడిపోయినా చెమట, వణుకు వంటి హెచ్చరికలు రావు. గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు.

మద్యం. సైనిక క్యాంటీన్ మద్యం కోటా గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి అతిగా తాగేవారిలో మద్యం నేరుగా నరాలనూ, విటమిన్ బి1 లోపం ద్వారా పరోక్షంగానూ దెబ్బతీస్తుంది.

ఎత్తైన ప్రాంతాలు. 1962 చైనా యుద్ధం తర్వాత హిమాలయాలకు హఠాత్తుగా తరలించిన సైనికుల్లో వచ్చిన పర్వత రుగ్మతను భారత సైనిక వైద్యుడు ఇందర్ సింగ్ బృందం 1,925 మందిలో పరిశీలించింది. 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఆ వ్యాసం నేటికీ ప్రామాణికమే. ప్రాణవాయువు తక్కువైనప్పుడు సహానుభూత నరాలు ఆగకుండా పనిచేస్తాయి. బొలీవియాలో 5,260 మీటర్ల ఎత్తున నాలుగు వారాలు గడిపిన డెన్మార్క్ వాసుల్లో, సముద్రమట్టానికి దిగిన మూడు రోజులకు కూడా ఆ ఉద్ధృతి తగ్గలేదని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. 1984 ఏప్రిల్ 13న మొదలైన ఆపరేషన్ మేఘదూత్ నుంచి భారత సైన్యం సియాచిన్‌లో అంతకన్నా ఎత్తున కాపలా కాస్తోంది. ఎండ సీమ బిడ్డలకు ఆ మంచు ఎంత దూరమో, ఎంత దగ్గరో 2016 ఫిబ్రవరి 3న తెలిసింది. సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ స్థావరంపై మంచు చరియలు విరిగిపడి మద్రాస్ రెజిమెంటు 19వ బెటాలియన్‌కు చెందిన పది మంది కూరుకుపోయారు. ఉమ్మడి కర్నూలు జిల్లా బండి ఆత్మకూరు మండలం పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ వారిలో ఒకరు.

వెన్నుపాము గాయం. ఆరో వక్ష వెన్నుపూసకు పైన వెన్నుపాము తెగితే కింది భాగంలోని సహానుభూత నరాలకు మెదడు నుంచి అదుపు ఉండదు. అప్పుడు మూత్రం గొట్టం మూసుకుపోవడం, మలబద్ధకం, బిగుతైన బెల్టు వంటి చిన్న కారణాలకే రక్తపోటు 200 దాటవచ్చు, తల పగిలిపోయే నొప్పి రావచ్చు. వెంటనే రోగిని కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, ఆ చిన్న కారణాన్ని తొలగించాలి. పడుకోబెడితే ప్రమాదం. ఈ స్థితిని ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి చెందిన లుడ్విగ్ గుట్‌మన్, ఆయన సహచరుడు విట్రిడ్జ్ 1947లో వివరించారు. గుట్‌మన్ గాయపడిన సైనికుల కోసం మొదలుపెట్టిన ఆటల పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి. 1965 యుద్ధంలో తుపాకీ గుళ్లు తగిలిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో ఈతలో భారత్‌కు తొలి పారాలింపిక్ స్వర్ణం తెచ్చాడు. సైనికుల కోసం పుణె దగ్గర కిర్కీలో పారాప్లెజిక్ పునరావాస కేంద్రం 1974 నుంచి ఉంది.

మానసిక ఆఘాతం. యుద్ధం తర్వాతి ఆఘాత రుగ్మతలో సహానుభూత వ్యవస్థ ఎప్పుడూ కాపలాలోనే ఉంటుంది. దీపావళి టపాసుకు గుండె ఎగిరిపడుతుంది, నిద్రలో కలవరింతలు వస్తాయి. ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్నపై 2015లో అమెరికా మెరైన్ల మీద జరిగిన అధ్యయనం ఆసక్తికరం. యుద్ధానికి వెళ్లకముందే గుండె లయలో మార్పు తక్కువగా ఉన్నవారికి తిరిగి వచ్చాక ఆఘాత రుగ్మత వచ్చే ముప్పు ఎక్కువగా కనిపించింది.

మందులు. వీటిని చాలామంది మరిచిపోతారు. రక్తపోటు మాత్రలు, మూత్రం సాఫీగా రావడానికి ప్రోస్టేట్ రోగులు వాడే టామ్సులోసిన్, మానసిక రోగాల మందులు కొన్ని రక్తపోటును నిలబడినప్పుడు పడదోస్తాయి. ఆఘాత రుగ్మతలో పీడకలలకు ఇచ్చే ప్రాజోసిన్ కూడా అంతే. అర్ధరాత్రి మూత్రానికి లేచి పడిపోయే ముసలాయన చీటీలో ముందు వెతకాల్సింది ఈ పేర్లే.

నిర్ధారణ

రోగ నిర్ధారణలో అన్నిటికన్నా చౌకైన పరీక్షే అన్నిటికన్నా తక్కువగా జరుగుతుంది. రోగిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి రక్తపోటు, నాడి చూడాలి. నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే అది నిలువు రక్తపోటు పతనం. రక్తపోటు తగ్గకుండా పది నిమిషాల్లో నాడి వేగం 30 పైగా పెరిగి బాధలు వస్తే అది పాట్స్ అనే వేరే రుగ్మత. దీనికి బీపీ యంత్రం, ఒక బల్ల, గడియారం చాలు. రద్దీగా ఉన్న ఓపీలో మాత్రం రోగి కుర్చీలో కూర్చొని చేయి చాపుతాడు, అంకె రాస్తారు, తర్వాతి వారిని పిలుస్తారు. నిలబడితేనే కనిపించే జబ్బును కూర్చోబెట్టి వెతికితే దొరకదు.

పై స్థాయి పరీక్షలకు 1980ల తొలి ఏళ్లలో ఎడిన్‌బరోకు చెందిన ఈవింగ్, క్లార్క్ కూర్చిన ఐదు పరీక్షల సమితి ఆధారం. లోతుగా ఊపిరి తీస్తూ వదులుతున్నప్పుడు గుండె వేగం మారడం, ముక్కు మూసి ముక్కడం, నిలబడినప్పుడు గుండె స్పందన, పిడికిలి బిగించినప్పుడు రక్తపోటు పెరగడం వంటివి ఇందులో ఉంటాయి. ఒరిగే బల్ల పరీక్ష, చెమట పరీక్ష, 24 గంటల రక్తపోటు నమోదు తర్వాతి మెట్లు. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో దీనికోసం ప్రత్యేక ప్రయోగశాల ఉంది. కడప, కర్నూలు రోగులకు ఆ ప్రయాణం రాత్రి బస్సు దూరం.

చికిత్స

మూల కారణాన్ని అదుపు చేయడం మొదటిది. చక్కెర, మద్యం, అనవసరమైన మాత్రలు ఇందులోకే వస్తాయి. రక్తపోటు పతనానికి మందుల కన్నా ముందు అలవాట్లు మార్చాలి. మంచం మీంచి ఒక్క ఉదుటున లేవకుండా కాసేపు కాళ్లు వేలాడేసి కూర్చోవడం, లేచేముందు అర లీటరు నీళ్లు గబగబా తాగడం, మధ్యాహ్నం ఒకేసారి సంగటి నిండుగా తినకుండా కొంచెం కొంచెంగా తినడం వీటిలో ముఖ్యమైనవి. పిండి పదార్థం ఎక్కువైన భోజనం తర్వాత రక్తం పేగుల వైపు మళ్లి తల తిరగడం వయసు మళ్లిన వారిలో సాధారణం. రాత్రి పడుకున్నప్పుడు రక్తపోటు పెరిగేవారికి మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టడం పాత పద్ధతే అయినా మంచిది. కళ్లు తిరిగినప్పుడు గొంతుకూర్చోవడం, కాళ్లు మెలివేసి నిలబడడం తక్షణ ఉపాయాలు. పరేడ్ మైదానంలో గంటల తరబడి కదలకుండా నిలబడ్డ సైనికులకు ఇది పాత పాఠమే. బూట్ల లోపల వేళ్లు కదుపుతూ పిక్కలు బిగిస్తూ ఉంటే రక్తం పైకి చేరుతుందని వారికి మొదట్లోనే నేర్పుతారు.

ఉప్పు పెంచమనే సలహా అందరికీ చెల్లదు. గుండె వైఫల్యం, మూత్రపిండాల జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారికి అది విషమే. మజ్జిగలో ఎంత ఉప్పు వేయాలో వైద్యుడే చెప్పాలి.

మందుల్లో మిడోడ్రిన్, ఫ్లూడ్రోకార్టిసోన్ ముఖ్యమైనవి. కొందరికి పైరిడోస్టిగ్మిన్ కూడా ఇస్తారు. గల్ఫ్ సైనికుల జబ్బుకు కారణమని సలహా సంఘం వేలెత్తి చూపిన మాత్రే ఇక్కడ తగిన మోతాదులో చికిత్స. క్రమంగా పెంచే వ్యాయామం మొదట పడుకొని గానీ కూర్చొని గానీ చేసేదిగా ఉండాలి. గల్ఫ్ యుద్ధ రుగ్మత వంటి స్థితుల్లో శక్తికి మించి చేస్తే మరునాడు అలసట పెరుగుతుందని రోగులు చెబుతారు. అందువల్ల మోతాదు మనిషిని బట్టి ఉంటుంది.

వైద్య సదుపాయాలు, పింఛను (చూ. ఈసీహెచ్‌ఎస్, సైనిక సంక్షేమం)

మాజీ సైనికులకు 2003 ఏప్రిల్ 1 నుంచి ఈసీహెచ్‌ఎస్ అనే వైద్య పథకం అమల్లో ఉంది. కడప, కర్నూలు పట్టణాల్లో దీని పాలీక్లినిక్‌లు ఉన్నాయి. అక్కడి వైద్యుడు రాసిస్తే గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో చికిత్స చేయించుకోవచ్చు. కాగితాల పనికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. ప్రభుత్వ రంగంలో కర్నూలు సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్ ఈ ప్రాంతపు పెద్దాసుపత్రులు.

పింఛను విషయంలో వివాదం వచ్చేది ‘ఈ జబ్బు ఉద్యోగం వల్ల వచ్చిందా, ఉద్యోగం వల్ల ముదిరిందా’ అన్న ప్రశ్న దగ్గర. వెన్నెముక గాయానికి సాక్ష్యం కంటికి కనిపిస్తుంది. గుండెదడకు, చెమట పట్టకపోవడానికి అది దొరకదు. ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పు ఇక్కడ కీలకం. సైన్యంలో చేరేనాటి వైద్య పత్రాల్లో జబ్బు నమోదు కాకపోతే, తర్వాత దాని వల్ల బయటికి పంపినప్పుడు ఆ జబ్బు ఉద్యోగం వల్లే వచ్చిందని భావించాలని, కాదని నిరూపించే బాధ్యత సైనికుడిది కాదని కోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరులో రక్షణ శాఖ వైకల్య పింఛను అర్హత నియమాలను మార్చింది. ఆంధ్రప్రదేశ్ మాజీ సైనికుల వివాదాలను సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం వింటుంది. ఆ ధర్మాసనం ముందుకు వెళ్లే ఫైలులో, విడుదల నాటి వైద్య బోర్డు పత్రంతో పాటు, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ తీసిన రెండు రక్తపోటు అంకెలు తేదీతో సహా ఉంటే వాదనకు అవి ఆధారమవుతాయి.